దుబాసీ ధర్మము

పరదేశపు కథ మన యింటికి వచ్చుట క్రొత్త గాదు. నేడది కదలెడి బొమ్మలుగా వచ్చి, అక్షరములు రాని బిడ్డతో నేరుగా మాటలాడుచున్నది. బిడ్డ యన్నపు పళ్లెము నొడిలో నుంచుకొని టెలివిజను నెదుట కూర్చుండును. పెద్దలు తమ పనులలో నుందురు. ఆ కథ యే దేశమున పుట్టినది, ఎవరి చేతులమీదుగా వచ్చినది, త్రోవలో నేమేమి పోగొట్టుకొన్నది యని విచారించువారరుదు. పిల్లల యాటకు సంపాదకీయమేల యని కొందరు నవ్వవచ్చును. నవ్వుడు గాక, బిడ్డ చూపును మలచు పని ఆట గాదని మా నిశ్చయము.

జపాను చిత్రకారుడు ఫుజికో ఎఫ్. ఫుజియో సృష్టించిన డోరేమాన్ కథ 1969 డిసెంబరులో పిల్లల మాసపత్రికలయందు మొదలైనది. నోబితా యను సోమరి బాలుడు పరీక్షలో సున్న తెచ్చుకొనును. జియాన్ చేత దెబ్బలు తినును. సునియో గొప్పలు విని కుములును. వానిని బాగుచేయుటకు ఇరువదిరెండవ శతాబ్దమునుండి యొక యంత్రపు పిల్లి వచ్చును. 2008లో జపాను విదేశాంగశాఖ ఈ పిల్లిని బొమ్మల చిత్రముల రాయబారిగా నియమించెను. నవ్వులాటవలె కనబడు నీ నియామకమున గంభీరమైన యాశయము గలదు: మా వీధులను, మా యిండ్లను, మా భోజనమును, మా బిడ్డల యల్లరిని లోకము చూచుగాక యని.

2014లో ఆ రాయబారి అమెరికా చేరెను. డిస్నీ ఎక్స్‌డీ ఛానలులో ప్రదర్శించుటకై కథను "అమెరికా బిడ్డలకు తగినట్లు" సవరించిరి. నోబితా నోబీ యయ్యెను. షిజుకా సూ అయ్యెను. జియాన్ బిగ్ జీ అయ్యెను. చాప్‌స్టిక్కులు పోయి ముళ్లచెంచాలు వచ్చెను. యెన్ నోట్లు డాలర్లయ్యెను. చిలగడదుంపలు కాల్చి యమ్ము బండి పాప్‌కార్ను బండి యయ్యెను. పాపము, నోబితా చిరకాలముగా సంపాదించుకొన్న సున్న సైతము 'ఎఫ్' అను నక్షరముగా మారెను! రాయబారిని రమ్మని పిలిచి, గుమ్మముకడ వాని దుస్తులు విప్పించి, తమ దుస్తులు తొడిగి, ఇతడు మావాడేయని సభకు చూపినట్లున్నది.

అంతకు మునుపే పోకెమాన్ కథకు నిట్టి గతియే పట్టినది. దానిని ఆంగ్లమున తయారుచేసినవారు, బొమ్మలోని అన్నపు ముద్దను జామ్ నింపిన డోనట్ యని పలికించిరి. కంటికి కనబడునది తెల్లని యన్నము. చెవికి వినబడునది డోనట్. కంటిని నమ్మవలెనో చెవిని నమ్మవలెనో బిడ్డకే వదలిరి. సతోషి యను బాలుడు 'యాష్' అయ్యెను. మన దేశమునకు వచ్చినది ఆ యమెరికా ప్రతియే. కావుననే మన బిడ్డలెరిగినది యాష్‌ను గాని సతోషిని గాదు. అన్నము తిను నొక దేశమునుండి అన్నము తిను మరియొక దేశమునకు రావలసిన కథ అమెరికాను చుట్టి, త్రోవలో అన్నమును విడిచి బయలుదేరినది! ముద్ద యన నేమో తెలుగు బిడ్డకు బోధింపనక్కరలేదు. చందమామను చూపుచు తల్లి పెట్టినది ముద్దయే గదా.

ప్రతిపక్షుల వాదమును విందము. బిడ్డకు తెలియని వస్తువు కనబడినయెడల కథపై నాసక్తి చచ్చును, ఛానలు మార్చును, వర్తకము చెడునని వారందురు. వర్తకుడు వర్తకము చూచుకొనుట నేరమని మేమనము. కాని యీ వాదము నిలుచునా? పిల్లి పొట్టమీది సంచిలోనుండి తలుపును తీయునట. ఆ తలుపు తెరచి కోరిన చోటికి పోవచ్చునట! దీనిని నమ్మగల బిడ్డ, రెండు పుల్లలతో అన్నము తినవచ్చునని నమ్మలేడా? తెలియనిది కనబడినప్పుడు బిడ్డ "అమ్మా, అదేమిటి?" యని యడుగును. చదువు అచ్చటనే మొదలగును. ఆ ప్రశ్నను పుట్టకముందే నొక్కివేయువారు బిడ్డకు మేలు చేయుచున్నామనుట వింత.

ఇందు వేరొక హానియు గలదు. అమెరికా బడిలో చదువు తెలుగు బిడ్డలు వేలకు వేలు. పెరుగన్నపు డబ్బా తెరచునపుడు ప్రక్కవాడేమనునో యని బెదరు పసివాడు వారిలో నుండును. తెరమీద తనవంటి యన్నము తిను బాలుడొకడు కనబడిన వానికెంత ధైర్యము! ఆ యన్నమునే డోనట్ యని పేరు మార్చినపుడు వాడు నేర్చుకొను పాఠమొక్కటే: మన తిండిని దాచుకొనవలెను.

న్యాయస్థానమున దుబాసీ యుండును. సాక్షి భాష న్యాయాధిపతికి తెలియనపుడు దుబాసీ ప్రమాణముచేసి తెలిపి చెప్పును. సాక్షి "సంగటి తింటిని" అనినచో, దొరవారికి సంగటి తెలియదని "రొట్టె తిన్నాడు" అని చెప్పు హక్కు వానికి లేదు. వాక్యము కూర్చుట వాని నేర్పు. సాక్ష్యము వాని సొత్తు గాదు. పరభాషా కథను మార్చువారికిని ధర్మమిదియే. మాటలు మార్చుడు, పాటలు క్రొత్తవి కట్టుడు, మన భాషలో పేలని హాస్యమునకు మారుగా పేలు హాస్యమును వేయుడు. ఊరిని, వంటను, మనిషిని మాత్రము ముట్టవలదు.

ఇట్లు చేయుట సాధ్యమా యని యడుగుదురేమో. స్విట్జర్లాండు రచయిత్రి యొహానా స్పీరి వ్రాసిన హైడీ కథను జపానువారు 1974లో బొమ్మల కథగా తీసిరి. అందులకై తకహటా, మియజాకి మున్నగువారు 1973లో ఆ దేశమునకు పోయి కొండలను, ఇండ్లను కన్నులార చూచి వచ్చిరి. 1989లో జపానులో తీసిన మౌగ్లీ కథను 1990ల దశకమున దూరదర్శన్ హిందీలో చూపినపుడు, గుల్జార్ పాట వ్రాసెను, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టెను. పాట మనది, అడవిలో నొక చెట్టునైనను మార్చలేదు. బిడ్డలు పరాయిదని విసిరివేసిరా? నేడు పెద్దవారైన ఆ బిడ్డలు ఆ పాటను మరువలేదు.

మనకే యీ యన్యాయము జరిగియుండినచో నేమందుము? యూగో సాకో అను జపానీయుడు మన రామ్ మోహన్‌ను తోడు చేసుకొని 1992లో రామాయణమును బొమ్మల చిత్రముగా తీసెను. జపాను బిడ్డలకు తెలియదని రాముని పేరు మార్చి, సీత చేతికి చాప్‌స్టిక్కులిచ్చియుండినచో మన సభలలో నెంత కోలాహలము రేగెడిది! మనకు దక్కిన గౌరవమును పరులకిచ్చుటకు మనకేల వెనుకంజ?

ఇక మన యింటి సంగతి. 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వము, బిడ్డలు హిందీ మాటలాడుచున్నారని హిందీ డోరేమాన్‌ను నిషేధించెను. నిషేధము మాకు సమ్మతము గాదు. కాని వారి దుఃఖము మేమెరుగుదుము. తెలుగింటి బిడ్డయు కార్టూను హిందీని పలుకుచున్నాడు. తెలుగులో వచ్చువానిలోనో, "నీకు సాయం చేస్తాను" అనవలసినచోట "నీ సహాయం చేస్తాను" వంటి మాటలు వినబడుచున్నవి. పెదవి కదలికకు సరిపెట్టిన మాటలే గాని, పెరటిలో పిల్లలు పోట్లాడుకొను మాటలు గావు. మేము వ్రాయు నీ గ్రాంథికము బిడ్డకు పనికిరాదు. ఈ హిందీ నీడయు పనికిరాదు. తెలంగాణపు బిడ్డ, రాయలసీమ బిడ్డ, శ్రీకాకుళపు బిడ్డ తన యింటి మాటను తెరమీద నొకసారియైనను వినవలదా?

కావున మేము కోరునవి మూడు. కథను మూలభాషనుండియే తెప్పింపుడు; అమెరికా యంగడిలో కత్తిరించిన ప్రతి మనకేల? పరుల తిండిని, పేరును, వీధిని ఉన్నదున్నట్లు చూపుడు. తెలుగు మాటలను బిడ్డల భాష యెరిగిన రచయితకప్పగించి, వాని పేరు తెరమీద వేయుడు. పేరున్నచోట బాధ్యతయు నుండును.

పాఠకులారా! ఈ వారము మీ యింటి బిడ్డ ప్రక్కన నొక గంట కూర్చుండి యా బొమ్మలను చూడుడు. వాడేమి వినుచున్నాడో వినుడు. వినినపిదప, మాట సరిగా లేదని తోచినచో, ఛానలువారికి నాలుగు పంక్తుల యుత్తరము వ్రాయుడు. గ్రంథాలయములవారు పదిమంది చేవ్రాళ్లతో వ్రాయుడు. బిడ్డ తరపున వకాల్తా పుచ్చుకొనవలసినది తలిదండ్రులు గాక మరెవ్వరు?