"ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే ఏడుస్తావా?"



ప్రతి ఏడాదీ మే నెలలో మా పిల్లల ఓ.పి.కి ఒక రకం కుటుంబాలు వస్తుంటాయి. బిడ్డకు జ్వరం, వాంతులు, నీరసం. ఎండకు కమిలిన బుగ్గలు. ఎక్కడికైనా వెళ్ళొచ్చారా అని అడిగితే తల్లి తండ్రి ముఖం చూస్తుంది. "సెలవులు కదండీ డాక్టరమ్మగారూ, పిల్లలు గోల పెడితే పార్కుకు తీసుకెళ్ళాం" అంటాడు తండ్రి. ఆ తరువాత నేను అడగకుండానే ఖర్చు చెబుతాడు. జ్వరం ఎప్పుడు మొదలైందో చెప్పడానికి తడుముకుంటాడు గాని, ఒక్కొక్కరి టిక్కెట్టు ఎంతో, లోపల భోజనం ఎంతో, లాకరుకు ఎంతో గడగడా అప్పజెబుతాడు.

ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. నేనూ ఆ తల్లినే.

2003 వేసవిలో మేము కూడా రాత్రి బస్సెక్కి పట్నం వెళ్ళి, అక్కడ ఊరి బయట ఉన్న ఒక పార్కుకు పిల్లలిద్దరినీ తీసుకెళ్ళాం. పేరు ఎందుకు లెండి. పొద్దున్నే లేచి చేసిన పులిహోర డబ్బా గేటు దగ్గరే వదిలేయమన్నారు. మధ్యాహ్నం ఎండలో ఒక ఆట కోసం గంటకు పైగా వరుసలో నిలబడ్డాం. మా అబ్బాయికి అప్పుడు ఐదేళ్ళు. "ఇంటికెళ్దాం అమ్మా" అని ఏడుపు మొదలుపెట్టాడు. నేను వాడి రెక్క పట్టుకుని, "ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే ఏడుస్తావా?" అని కసిరాను. పిల్లల డాక్టరును. బిడ్డ పెదవులు ఎండిపోయి ఉన్నాయని నా కంటికి ఆనలేదు. ఆ రాత్రి వాడికి జ్వరం వచ్చింది.

వాడికి ఇప్పుడు అదేమీ గుర్తు లేదు. మా అమ్మాయికి మాత్రం గుర్తుంది. ఆ రోజు ఎక్కిన ఆటల పేర్లు చెప్పలేదు గాని, "నువ్వు తమ్ముణ్ణి తిట్టావు" అని ఈనాటికీ అంటుంది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, 2025 చివరలో మేమిద్దరం అమెరికాలో మా అమ్మాయి వాళ్ళ దగ్గర ఉన్నాం. వాళ్ళు ఉండేది అట్లాంటాలో. అక్కడి నుంచి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ కారులో ఏడు గంటల ప్రయాణం. మన సంఘంలోనూ పిల్లలు ఆ దేశంలో ఉన్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఆరు నెలల వీసా మీద వెళ్ళిన ప్రతివారికీ నయాగరా ఒకటి, డిస్నీ ఒకటి చూపించాలని ఆ పిల్లలు ఆరాటపడతారు. మా అల్లుడుగారు కూడా ఒక రాత్రి భోజనాలయ్యాక లెక్క వేయడం మొదలుపెట్టారు.

ఆ ఏడాది క్రిస్మస్ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకు ఒక్క రోజు టిక్కెట్టు 199 డాలర్లు. పదేళ్ళలోపు పిల్లలకు తగ్గేది నామమాత్రమే, పూర్తి ఉచితం మూడేళ్ళు నిండనివారికి మాత్రమే. మనవలతో కలిపి మేము ఆరుగురం. పన్నుతో కలిపి, గేటు దాటి లోపల అడుగు పెట్టడానికే లక్ష రూపాయలు దాటింది. కారు నిలపడానికి మరికొంత. బస, భోజనం, పెట్రోలు ఇంకా రాయలేదు. అలాంటి పార్కులు అక్కడ నాలుగున్నాయి. ఒక్కటే చూసి వస్తే ఏడు గంటలు వెళ్ళి ఏం లాభం అన్న ప్రశ్న ఒకటి.

ఆ పార్కు 1971 అక్టోబరు 1న తెరిచినప్పుడు పెద్దవారి ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. ధరల పెరుగుదల లెక్క వేస్తే అది 2025లో సుమారు 28 డాలర్లతో సమానం. న్యాయంగా చెప్పాలంటే అప్పట్లో లోపలి ఆటలకు విడిగా టిక్కెట్లు కొనాలి. ఒకే టిక్కెట్టు మీద అన్నీ ఎక్కే పద్ధతి 1982లో వచ్చింది. అయినా సరే, తేడా మీకే తెలుస్తోంది.

దీనంతటికీ మొదలు ఒక రంగులరాట్నం. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్ళను సెలవు రోజున లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్ళి రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని వేరుశెనగలు తింటూ ఉండేవాడట. పిల్లలు ఆడుతుంటే పెద్దలు ఊరికే చూస్తూ కూర్చోవాలా, అందరూ కలిసి ఆడుకునే చోటు ఉండకూడదా అని అక్కడే అనిపించిందని ఆయనే చెప్పాడు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచాడు. పెద్దలకు ఒక డాలరు, పిల్లలకు అర డాలరు. మంచి ఆలోచనే. మన తిరునాళ్ళలో రంగులరాట్నం పక్కన నిలబడి మనవడికి చెయ్యి ఊపే తాతకు అది చెప్పకుండానే అర్థమవుతుంది.

నాకు బాధ కలిగించేది టిక్కెట్టు ధర ఒక్కటే కాదు. ధరలు అన్నిటికీ పెరిగాయి, మన ఆసుపత్రి చీటీకి కూడా పెరిగింది. నా బాధ వరుస గురించి.

1999లో డిస్నీ పార్కుల్లో ఫాస్ట్‌పాస్ అనే కాగితం చీటీ వచ్చింది. ఆ చీటీ తీసుకుంటే, చెప్పిన సమయానికి వచ్చి తక్కువ సేపు నిలబడి ఆట ఎక్కవచ్చు. అది ఉచితం, టిక్కెట్టు ఉన్న ప్రతివారికీ దొరికేది. 2020లో కోవిడ్ వల్ల పార్కులు మూసినప్పుడు ఆ సౌకర్యం ఆగింది, మళ్ళీ రాలేదు. 2021 అక్టోబరులో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి పెట్టారు. ఫ్లోరిడాలో మొదట మనిషికి రోజుకు 15 డాలర్లు. తరువాత రద్దీని బట్టి పెంచుకుంటూ పోయారు. 2024 చివర్లో అన్నిటికంటే ఖరీదైన పాస్ ఒకటి వచ్చింది, రద్దీ రోజుల్లో మనిషికి 449 డాలర్ల వరకు. అది ప్రవేశ టిక్కెట్టు కాదు. టిక్కెట్టు కొన్న తరువాత వరుస తప్పించుకోవడానికి కట్టేది. మన దేశంలోనూ ఈ పద్ధతి వచ్చింది. 2016లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర తెరిచిన వండర్‌లా వంటి పార్కుల్లో మామూలు టిక్కెట్టు కాక ఫాస్ట్‌ట్రాక్ అని మరో టిక్కెట్టు అమ్ముతారు.

మన ఓ.పి. ఉదాహరణగా తీసుకోండి. ఒక డాక్టరు గంటలో చూడగలిగేది ఇంతమందినే. మధ్యలో నుంచి కొందరిని లోపలికి పంపితే బెంచీ మీద కూర్చున్నవారు ఆ మేరకు ఆగాలి. ఫిట్స్ వచ్చిన బిడ్డను ముందు పంపితే ఎవరూ ఏమీ అనరు, లేచి దారి ఇస్తారు. డబ్బు ఎక్కువ కట్టాడని పంపితే? పార్కు ఆటలోనూ గంటకు కూర్చోగలిగేవారి సంఖ్య మారదు. ఒకరి దగ్గర నిమిషాలు తీసి మరొకరికి అమ్మడమే. చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడ్డ తండ్రి పక్క దారిలో నవ్వుతూ వెళ్ళిపోయేవారిని చూస్తాడు. పిల్లవాడు అడుగుతాడు, "నాన్నా, మనం అటు ఎందుకు వెళ్ళలేదు?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోలేకే చాలామంది అప్పు చేసైనా అది కూడా కొంటున్నారని నా అనుమానం.

అప్పు మాట ఊరికే అనలేదు. అమెరికాలో లెండింగ్‌ట్రీ అనే సంస్థ 2024లో చేసిన సర్వేలో, డిస్నీకి వెళ్ళివచ్చిన, 18 ఏళ్ళలోపు పిల్లలున్న తల్లిదండ్రుల్లో 45 శాతం మంది ఆ ప్రయాణం కోసం అప్పు చేశామన్నారు.

ఇక్కడ మీరు అడగవచ్చు, ఆనందం లేకపోతే జనం ఎందుకు వెళ్తున్నారు అని. సరైన ప్రశ్నే. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు 2023లో సుమారు 1 కోటి 77 లక్షల మంది వెళ్ళారు. పైన చెప్పిన సర్వేలో అప్పు చేసినవారిలో కూడా సగానికి పైగా చింత లేదన్నారు. తీవ్రమైన జబ్బులున్న పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్ సంస్థ 1980లో మొదలైంది. ఆ పిల్లలు కోరుకునేవాటిలో డిస్నీ పార్కు చూడటం ఎప్పుడూ ముందు వరుసలో ఉంటుంది. క్యాన్సరు వార్డులో ఏడాది గడిపిన బిడ్డ ముఖంలో నవ్వు తెప్పించే చోటును నేను తక్కువ చేసి మాట్లాడను. అక్కడ ఆనందం లేదని కాదు. ఒక్కొక్క గంటకు ధర కట్టినప్పుడు తల్లిదండ్రులు పిల్లల్ని చూడటం మాని గడియారాన్ని చూస్తున్నారు. అలసిపోవడానికి పిల్లవాడికి అనుమతి లేకుండా పోతోంది. తాతకు కూర్చోవడానికి అనుమతి లేదు. ఆ చౌకైన వరుసలకు ముందుగా సమయం ఖాయం చేసుకోవాలంటే కొన్ని రోజుల ముందే ఉదయం ఏడు గంటలకు ఫోను పట్టుకుని కూర్చోవాలి. మా అల్లుడుగారు ఆఫీసు పనికి కూడా అంత పొద్దున్నే కూర్చోరు!

మన దగ్గర ఖర్చు అంత కాకపోవచ్చు. కానీ నెలకు పాతిక వేలు సంపాదించే ఇంటికి, ఐదుగురి టిక్కెట్లూ భోజనాలూ ప్రయాణమూ కలిస్తే అదీ కొండే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు థీమ్ పార్కు టిక్కెట్టు మీద 28 శాతం పన్ను వేశారు, 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. పన్ను తగ్గినా, వెళ్ళాక "పెట్టిన డబ్బుకు అన్నీ ఎక్కాల్సిందే" అన్న పట్టుదల తగ్గలేదు. మా ఓ.పి.కి వచ్చే జ్వరాలకూ వాంతులకూ ఎండ సగం కారణం అయితే, ఈ పట్టుదల సగం కారణం.

కాబట్టి వెళ్ళేవారు వెళ్ళండి, కాని డాక్టరుగా నాలుగు మాటలు చెప్పనివ్వండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు నీడలో కూర్చోండి, ఆ మూడు గంటల డబ్బు పోయిందనుకోండి. పిల్లలు దాహం అని అడిగేదాకా ఆగకుండా నీళ్ళు పట్టండి. సంచిలో రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు వేసుకోండి. బిడ్డ మూత్రం బాగా తగ్గినా, మగతగా ఉన్నా ఆట ఆపి ఆసుపత్రికి రండి. గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణీలు వేగంగా తిరిగే ఆటల జోలికి పోవద్దు. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలు కొత్త చెప్పులతో అస్సలు వెళ్ళవద్దు. ఆ పార్కుల్లో రోజంతా నడకే. పాదానికి స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు. రాత్రికి అరికాళ్ళు ఎవరిచేతనైనా చూపించుకోండి. ఇన్సులిన్ ఎండలో నిలిపిన కారులో వదలవద్దు. భోజనం ఆలస్యమైతే తినడానికి జేబులో ఏదైనా ఉంచుకోండి. ఇంకొక మాట, డిస్నీ వరల్డ్‌లోకి ఇంటి భోజనం తీసుకెళ్ళనిస్తారు, చల్లని నీళ్ళు కూడా అడిగితే ఊరికే ఇస్తారు. అమెరికా వెళ్ళే అమ్మలూ అమ్మమ్మలూ పులిహోర నిశ్చింతగా కట్టుకోవచ్చు. ఇరవై ఏళ్ళ క్రితం నా పులిహోర డబ్బా తలచుకుని చెబుతున్నాను.

మేము ఆ క్రిస్మస్‌కు వెళ్ళలేదు. లెక్క అంతా రాసిన కాగితం చూసి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అమ్మా, అంత పెట్టి తీసుకెళ్తే నేనూ వీళ్ళను తిడతాను" అంది. పండగకు ఇంట్లోనే అరిసెలు వండాం. పాకం ముదిరి గట్టిగా వచ్చాయి, అయినా మనవడు రెండు జేబుల్లో వేసుకు తిరిగాడు. ఎప్పుడైనా రద్దీ లేని నెలలో, ఒక్క పార్కుకు, పిల్లలు చాలు అన్నప్పుడు వచ్చేసే షరతు మీద వెళ్తామని అల్లుడుగారు అన్నారు.

ఈ వేసవికి వాళ్ళే ఇక్కడికి వస్తున్నారు. సూర్యలంక సముద్రానికి తీసుకెళ్తానని మనవరాలికి ఫోనులో చెప్పాను. "అక్కడ లైను ఉంటుందా అమ్మమ్మా?" అని అడిగింది. ఉండదని చెప్పాను. మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి.