పక్షవాతము పిదప ఇంటివారి సేవ ఒక్కటే చాలునా?

పక్షవాతము వచ్చినవారు ప్రాణాపాయము గడచి ఇల్లు చేరగానే చికిత్స ముగిసినదని పలువురు తలంతురు. నిజమునకు నడకను, మాటను, చేతిపట్టును మరల నేర్చుకొనవలసిన కాలము అప్పుడే ఆరంభమగును.

మన దేశమున ఈ విద్య నేర్పు నిపుణులు కొరత. కావున ఇంటివారికే వ్యాయామములు నేర్పినచో ఆ లోటు తీరునని ఒక ఆశ కలిగెను. అటెండ్ అను పరిశోధనలో దీనిని మన దేశములోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులయందు పరీక్షించిరి. ఫలితములు 2017లో వెలువడెను. ఆరు నెలలకు మరణించినవారును, పరులపై ఆధారపడినవారును కలిసి ఉభయవర్గములలోను నూటికి 47 మంది. ఇంటివారికి శిక్షణ నిచ్చిన వర్గమునకు అదనపు మేలు కనబడలేదు.

ఇందువలన కుటుంబసేవ వ్యర్థమని అనరాదు. అన్నము తినిపించుటకు, ధైర్యము చెప్పుటకు ఇంటివారిని మించినవారు లేరు. కాని నిపుణుని పనిని కూడ వారిపై మోపి, రోగి కోలుకొననప్పుడు వారినే నిందించుట అన్యాయము. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టును సామాన్యునికి చేరువలో నుంచుట ప్రభుత్వముల విధి.

ఆసుపత్రి విడుచునాడే, “వ్యాయామమునకు ఎవరియొద్దకు, ఎప్పుడు రావలెను?” అని తప్పక అడుగుడు. అది మీ హక్కు.