మూడు పుల్లల మీద తల

విజయదశమి వెళ్లిన సాయంకాలాలలో ఢిల్లీకి ఆగ్నేయాన బులంద్‌షహర్ ప్రాంతంలోను, ఇంకా దిగువన మథుర, ఆగ్రా పల్లెలలోను ఒక వింత అతిథి గడపగడపకూ వస్తాడు. అతనికి మొండెం లేదు. నడుమ బిగించి కట్టిన మూడు వెదురుపుల్లల మీద మట్టితో చేసిన తల, మెలితిరిగిన మీసాలు, పెద్ద పెద్ద కళ్లు. పుల్లలు కలిసే చోట ఒక ప్రమిద. క్రిందినుంచి వెలుగు సోకిన ఆ ముఖం చీకటిలో హఠాత్తుగా ఎదురైతే పెద్దవారికైనా గుండె ఝల్లుమంటుంది.

అతని పేరు టేసూ. మోసుకువచ్చేది మగపిల్లలు. అడిగినది ఇస్తేనేగాని కదలనని టేసూ మొండికేసినట్లు వారు పాడతారు. చిల్లరో, ధాన్యమో చేతిలో పడ్డాకనే పక్క ఇంటికి ప్రయాణం. ఆడపిల్లలు తెచ్చేది ఝాంఝీని: ఒళ్లంతా చిల్లులు పొడిచిన చిన్న కుండ, లోపల దీపం. అక్టోబరు 31న అమెరికాలో తొలిచిన గుమ్మడికాయలలో దీపాలు వెలిగించడం, పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడగడం మనం విన్నదే. ఈ రెండింటికీ బంధుత్వం వెదకడం వృథా. అయినా ఋతువు ఒకటే, దీపం ఒకటే, గడప దగ్గర బేరమూ ఒకటే!

ఇంతకూ ఆ తల ఎవరిది? ఘటోత్కచుని కుమారుడు బర్బరీకునిది అంటారు. వ్యాసభారతంలో అతని ఊసు లేదు. స్కాందపురాణంలోని కౌమారికాఖండంలో ఉన్నది. ఒక్కడే యుద్ధాన్ని క్షణంలో ముగించగల ఆ వీరుని శిరస్సును శ్రీకృష్ణుడు ఖండించాడట. యుద్ధం చూడాలన్న అతని కోరిక తీర్చడానికి ఆ తలను కొండమీద నిలిపారట. పల్లెలు అంతటితో ఊరుకోలేదు. రణరంగానికి పోతూ దారిలో ఝాంఝీని చూచి మనసుపడ్డాడని, తిరిగివచ్చి పెళ్లాడతానని మాట ఇచ్చాడని మరొక కథ అల్లుకున్నాయి. పురాణంకన్న ఇదే ఎక్కువ రక్తికట్టిందని ఒప్పుకోవాలి.

దాచుకునే బొమ్మలకు ఢిల్లీలో కొదువ లేదు. కార్టూనిస్టు శంకర్ 1965లో నెలకొల్పిన బొమ్మల ప్రదర్శనశాలలో దేశదేశాల బొమ్మలు అద్దాలవెనుక భద్రంగా ఉన్నాయి. మన కొలువు బొమ్మలనూ పండుగ కాగానే పెట్టెలో సర్దుకుంటాము. టేసూకు ఆ యోగం లేదు. శరత్పూర్ణిమ రాత్రి పిల్లలే పెద్దలై, పోగుచేసిన డబ్బుతో అతనికీ ఝాంఝీకీ పెళ్లి తలపెడతారు. పాటలు, మిఠాయిలు, ఊరేగింపు, అన్నీ ఉంటాయి. కొన్ని ఊళ్లలో ఏడడుగులు పూర్తికాకముందే వరుని తల పగలగొడతారు. ముక్కలు చెరువు పాలవుతాయి. ఆ తరువాతనే ఊళ్లో నిజమైన పెళ్లిళ్ల మాటలు మొదలవుతాయి.