మేము కాల్చిన క్యాసెట్

1998 వేసవి సెలవుల్లో ఎల్.బి.నగర్ దగ్గర మేము యౌవనస్థుల కూడికలు మూడు రోజులు నడిపాం. రెండో రోజు ఒక ప్రకటన చేశాం. ఇంట్లో రాక్ సంగీతం, సినిమా పాటల క్యాసెట్లు ఏవున్నా రేపు రాత్రికి తీసుకురండి, దేవుని సన్నిధిలో వదిలించుకుందాం అని. ఇష్టం లేనిది ఇస్తే అది అర్పణ కాదు, ఇష్టమైనదే ఇవ్వండి అని కూడా అన్నాం. మూడో రాత్రి అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదివి ప్రసంగించాం. ఎఫెసులో మాంత్రిక విద్య అభ్యసించినవారు తమ పుస్తకాలు తెచ్చి అందరి ఎదుట కాల్చివేసిన సందర్భం అది. వాటి వెల లెక్క చూస్తే యాభై వేల వెండి రూకలయిందని లూకా రాస్తాడు. ప్రసంగం కాగానే మందిరం వెనక ఖాళీ స్థలంలో కిరోసిన్ పోసి నిప్పంటించాం.

ఆ రాత్రి పదహారేళ్ల కుర్రవాడొకడు చెప్పుల డబ్బా నిండా క్యాసెట్లు తెచ్చాడు. అందరికన్నా ఎక్కువ తెచ్చింది అతడే. భుజం మీద చెయ్యి వేసి అందరి ముందూ మెచ్చుకున్నాం. డబ్బాలో ఏమున్నాయో తీసి చూడలేదు. ప్లాస్టిక్ కరిగి నల్లటి పొగ లేచింది. మంటలో టేపు మెలికలు తిరుగుతుంటే 'అదిగో సర్పం' అన్నారెవరో. మేమూ ఆమేన్ అన్నాం.

ఆ కుర్రవాడి తండ్రి ఇప్పుడు నాదర్‌గుల్‌లో మా సంఘపెద్ద. గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇళ్లలో చాలా ఏళ్లుండి, చివరకు నాదర్‌గుల్‌లో చిన్న స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నారు. అప్పటికి చుట్టూ పొలాలు, బండరాళ్లే. ఇప్పుడు బడంగ్‌పేట దాకా ఇళ్లు కలిసిపోయాయి. మొన్న వర్షాకాలంలో వారింట్లో గృహకూడిక అయ్యాక అందరూ వెళ్లిపోయినా మమ్మల్ని ఆపారు.

'అయ్యగారూ, ఒక ముప్పావు గంట కూసుంటరా? మీకొకటి వినిపియ్యాల్నని శానా రోజుల సంది అనుకుంటున్న' అన్నారు.

ఫోను స్పీకర్‌కు కలిపి పెట్టారు. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ 1979 ఆగస్టులో విడుదల చేసిన 'స్లో ట్రెయిన్ కమింగ్' అనే రాక్ ఆల్బమ్ అది. తొమ్మిది పాటలు. చెప్పుల డబ్బాలో ఉన్నవాటిలో ఇదీ ఒకటని, అన్నిటికంటే ఇష్టమైనది ఇదేనని అప్పుడు చెప్పారు. ఇరవై ఏడేళ్లుగా ఒక్క మాట అనలేదు.

ఈ గాయకుని గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. డిలన్ 1941లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో యూదు కుటుంబంలో పుట్టాడు. 1960లలో యుద్ధానికీ వర్ణవివక్షకూ వ్యతిరేకంగా అతడు రాసిన పాటలు ఒక తరాన్ని కదిలించాయి. 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి ఇచ్చారు. 1978 నవంబరులో శాన్ డియాగోలో పాడుతుండగా ఎవరో వేదిక మీదికి చిన్న వెండి సిలువ విసిరారు. అతడు వంగి దాన్ని తీసుకున్నాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక హోటల్ గదిలో క్రీస్తు సన్నిధిని అనుభవించానని అతడే సాక్ష్యమిచ్చాడు. మరుసటి ఏడాది మొదట్లో కాలిఫోర్నియాలో వైన్‌యార్డ్ సంఘం వారి బైబిలు తరగతుల్లో కొన్ని నెలలు కూర్చున్నాడు. అక్కడ నేర్చుకున్నదంతా ఈ పాటల్లో పెట్టాడు. అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియోలో రికార్డు చేశారు. గిటారు వాయించినవాడు మార్క్ నాఫ్లర్. రికార్డింగు నడిపినవారిలో ఒకడైన జెర్రీ వెక్స్‌లర్ నాస్తికుడు. డిలన్ అతనికి సువార్త చెప్పబోతే మర్యాదగా తప్పించుకున్నాడట. ఆల్బమ్ అట్ట మీద రైలు పట్టాలు వేస్తున్న కూలీల బొమ్మ ఉంటుంది. ముందు నిలబడ్డవాడి చేతిలోని గునపం చూస్తే సిలువే. ఆ బొమ్మ క్యాసెట్ అట్ట మీదా ఉండేది. మేము డబ్బా మూత తీసి ఉంటే కనపడేది.

పాత అభిమానులు ఊరుకోలేదు. ఆ నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలోని వార్‌ఫీల్డ్ థియేటర్‌లో అతడు పద్నాలుగు ప్రదర్శనలిచ్చి, పాత పాట ఒక్కటీ పాడకుండా క్రీస్తు పాటలే పాడాడు. కేకలు వేసి లేచిపోయినవారున్నారు, పత్రికలు ఎగతాళి చేశాయి. అయినా మొదటి పాటకు 1980లో గ్రామీ వచ్చింది. అక్కడ లోకం క్రీస్తు పాటలని అతణ్ణి వెక్కిరించింది. ఇక్కడ మేము లోకం పాటలని అతణ్ణి కాల్చాం.

మా సంఘపెద్ద పాలిటెక్నిక్ చదివే రోజుల నుంచే డిలన్ అభిమాని. అర్థం సగమే తెలిసినా గొంతు నచ్చిందట. గల్ఫ్‌కు వెళ్లాక 1985లో ఒక దుకాణంలో ఈ క్యాసెట్ కనబడితే గాయకుని పేరు చూసి కొన్నారు. క్యాంపు గదిలో ఎనిమిది మంది. తెలుగు ఆరాధన లేదు, పాస్టరు లేడు, ఆదివారం పనిదినం. పేరుకు క్రైస్తవులే గాని సాయంత్రమయితే నలుగురితో కలిసి తాగుడు. మొదటి పాటను మామూలుగానే విన్నారు. మూడోసారో నాలుగోసారో వింటున్నప్పుడు ఆ పాట తననే అడుగుతున్నట్టు తోచిందట.

ఆ పాట సారం ఇది: నువ్వు ఎంత గొప్పవాడివైనా, ఎంత బీదవాడివైనా ఎవరో ఒకరిని సేవించక తప్పదు, ఆ ఒకరెవరో తేల్చుకో. యెహోషువ షెకెములో ఇశ్రాయేలీయుల ముందు పెట్టిన ప్రశ్నే (యెహోషువ 24:15). ఎవరి దాసులము కాము అనుకునే మనిషికి ఇంతకంటే సూటిగా చెప్పడం మా వల్ల కాదు. పాటలో రకరకాల వృత్తులవాళ్లను వరసగా పిలుస్తాడు. అందులో బోధకుణ్ణీ వదలలేదు. అతని ఆత్మీయ గర్వాన్ని కూడా ఎత్తి చూపాడు. ఆ మాట వచ్చినప్పుడు మా సంఘపెద్ద మా వైపు చూడలేదు, కిటికీ వైపు చూశారు. బయట నాదర్‌గుల్ రన్‌వే మీది నుంచి శిక్షణ విమానమొకటి చప్పుడు చేస్తూ లేచింది. అది పోయేదాకా మాకు కాస్త వెసులుబాటు దొరికింది.

గల్ఫ్‌కు పోయేటప్పుడు తల్లి ట్రంకుపెట్టె అడుగున పెట్టిన బైబిలును ఆయన ఆ క్యాసెట్ వల్లే బయటకు తీశారు. పాట విని వాక్యం వెతికేవారు. జంతువులకు పేర్లు పెట్టే పాట విని ఆదికాండము 2వ అధ్యాయం చదివారు. పిల్లల పాటలాగే సాగుతుందది, ఒక్కో జంతువునూ వర్ణించి పేరు చెబుతాడు. చివరి జంతువు దగ్గర పేరు చెప్పకుండానే ఆపేస్తాడు. అది సర్పమని వినేవాడికే అర్థమవుతుంది. తెలిసి దిగ్గున కూర్చున్నానని ఆయన అన్నారు. ఆఖరి పాట రెండవ రాకడ గురించి. పియానో, గొంతు, అంతే. మిగతా ఎనిమిది పాటల్లో గద్దించిన మనిషి ఇక్కడ తానే నేలకు ఒరిగినట్టుంటుంది. ఆ పాట విన్న ఒక రాత్రి మోకాళ్లూనానని, అప్పటి నుంచి తాగలేదని ఆయన చెప్పారు. ఈ సాక్ష్యం మా సంఘంలో ఎన్నోసార్లు విన్నాం. 'గల్ఫ్‌లో ఒక పాట ద్వారా ప్రభువు నన్ను పట్టుకున్నాడు' అనేవారు. ఏ పాట అని మేమెన్నడూ అడగలేదు. ఏదో తెలుగు కీర్తన అయి ఉంటుందనుకున్నాం.

ఆల్బమ్‌లో అన్నీ మెచ్చదగినవే అనడం లేదు. పేరు పాటలో అరబ్బు నూనె గురించీ షేకుల గురించీ వెటకారం ఉంది. క్రీస్తు పేరుతో సొంత దేశపు కోపాన్ని కలిపేశాడు. ఆ మాటే ఆయనతో అంటే నవ్వారు. 'ఆ షేకుల జీతంతోనే మా అమ్మకు కంటి ఆపరేషన్ చేయించిన అయ్యగారూ. ఆడికి రాంగనే క్యాసెట్ ముందుకు జరుపుతుంటి.' సెమినరీలో మేము చదివిన వివేచన పాఠం కంటే ఇది బాగుంది. వదిలేయవలసింది నాలుగు పాదాలయితే నాలుగు పాదాలే వదిలారు, టేపంతా కాల్చలేదు.

వింటున్నంతసేపూ మాకు ఇంకొకటి తోచింది. ఈ పాటల్లోని కాఠిన్యం మాకు బాగా తెలిసిన కాఠిన్యం. కొన్ని నెలల బైబిలు తరగతులు విని వచ్చినవాడు లోకాన్నంతా నిలబెట్టి గద్దిస్తున్నాడు. 1998లో మేమూ సెమినరీ నుంచి కొత్తగా వచ్చినవాళ్లమే. ఎదురుపడి ఉంటే ఇద్దరికీ బాగా పొసిగేది.

అసలు రాగం మీద మా తగాదా ఎప్పటిది? పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) క్రీస్తును కర్ణాటక రాగాల్లో పాడారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల మీద రాగమూ తాళమూ ఇప్పటికీ అచ్చయి ఉంటాయి. ఆ రాగాలు మన సంఘాలకు ముందు ఎక్కడ వినబడేవో పెద్దలకు తెలుసు. 1978లో 'కరుణామయుడు' వచ్చింది. సినిమా పాటలు పాపమని చెప్పిన సంఘాలే బాలసుబ్రహ్మణ్యంగారు ఆ సినిమాలో పాడిన పాటను క్రిస్మసుకూ గుడ్‌ఫ్రైడేకూ మైకుల్లో వేశాయి. ఇక ఇప్పుడు మా వేదిక మీద డ్రమ్స్, కీబోర్డు, ఎలక్ట్రిక్ గిటారు అన్నీ ఉన్నాయి. 1998లో మేము సాతాను చప్పుడన్న చప్పుడు మధ్యనే ఆదివారం చేతులెత్తి ఆరాధిస్తున్నాం. ఆ కూడికలో క్యాసెట్ పట్టుకొచ్చిన పిల్లలెవరూ దీని గురించి మమ్మల్ని నిలదీయకపోవడం వాళ్ల మంచితనం. పౌలు అరేయొపగులో అన్యకవుల మాట ఎత్తుకుని సువార్త చెప్పిన అధ్యాయం (అపొ. కార్య. 17) మేము ప్రసంగించిన అధ్యాయానికి రెండే అధ్యాయాల ముందుంది. అది ఆ రోజు మాకు గుర్తు రాలేదు.

ఎఫెసు వాక్యం దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఇంటికి వచ్చి ఆ రాత్రే నిదానంగా చదివాం. అక్కడ పుస్తకాలు తెచ్చినవారు ఆ విద్యను అభ్యసించినవారే. ముందు వారు వచ్చి తాము చేసినవి ఒప్పుకున్నారు, ఆ తర్వాతే పుస్తకాలు వచ్చాయి. తమ పుస్తకాలు తామే తెచ్చుకున్నారు. పక్కవాడివి తేలేదు, తండ్రివి తేలేదు. తెమ్మని అపొస్తలుడు ప్రకటన చేసినట్టు కూడా అక్కడ లేదు. ఇన్నేళ్లు ఈ భాగాన్ని బోధించి కూడా ఇది చూడలేకపోయాం. పరిశుద్ధ గ్రంథంలో కాల్చివేసిన ఇంకో సంగతి ఉంది. యెహోయాకీము రాజు యిర్మీయా చెప్పించిన గ్రంథపు చుట్టను చాకుతో కోస్తూ కుంపటిలో వేశాడు (యిర్మీయా 36). అతడు కనీసం చదివించుకుని విన్నాడు. మేము అదీ చేయలేదు.

డిలన్ ఆ తర్వాత 'సేవ్డ్' (1980), 'షాట్ ఆఫ్ లవ్' (1981) చేశాడు. ఆ పైన క్రీస్తును గూర్చి అంత బాహాటంగా పాడలేదు. వెనుదిరిగాడని కొందరు, లేదని కొందరు. 2009లో క్రిస్మసు పాటల ఆల్బమ్ చేసి, రాబడిని ఆకలిగొన్నవారి భోజనానికి ఇచ్చాడు. అతని హృదయం ప్రభువు ఎరుగును. క్రీస్తు ఏ విధంగా ప్రకటించబడినా సంతోషిస్తానని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు (1:18). గల్ఫ్ క్యాంపులో తెలుగువాడొకడు మోకాళ్లూనాడు గనుక మేమూ సంతోషిస్తాం.

ఆ రాత్రి ఎందుకు ఊరుకున్నారన్నా అని అడిగాం. నైట్ డ్యూటీ నుంచి వచ్చాక భార్య చెప్పిందట. తెల్లారి మందిరం వెనక్కి వెళ్లి చూస్తే నల్లటి ముద్ద ఒకటి మిగిలి ఉంది. 'పోరడు దేవునికే ఇచ్చిన అనుకున్నడు. నేను కొడితే రేపటి సంది దేవునికి ఇచ్చుడే మానేస్తడు. క్యాసెట్ పోతే పోయింది' అన్నారు.

కొడుకు ఇప్పుడు విదేశంలో ఉన్నాడు. పోయినసారి వచ్చినప్పుడు తండ్రి ఫోనులో ఈ ఆల్బమ్ ఎక్కించింది అతడేనట, ఎవరూ అడగకుండానే. ఆ వారంలోనే అతనికి ఫోను చేశాం. తప్పు మాదని, నీ తండ్రి వస్తువును నీ చేత తెప్పించి కాల్చామని, క్షమించమని చెప్పాం. అది ఏ క్యాసెట్టో నీకు అప్పుడు తెలియదు కదా అన్నాం.

'తెలుసు పాస్టర్‌గారూ' అన్నాడు. 'అది నాన్నకు చాలా ఇష్టం. ఇష్టమైనదే ఇవ్వమన్నారు కదా మీరు.'