టన్నులు కాదు, చట్రం చూడండి
అమెరికాలో ఇంటి గ్యారేజీలో పాత రైఫిళ్లు బాగుచేసుకునే అభిరుచి ఉన్నవాళ్లు హైడ్రాలిక్ ప్రెస్ కొనబోతే ముందు అడిగేది "ఎన్ని టన్నులు?" అని. నన్నడిగితే అది చివర అడగాల్సిన ప్రశ్న. తుప్పుపట్టి బిగుసుకున్న చిన్న పిన్ను ఊడదీయడానికి 20 టన్నుల బలం అక్కర్లేదు. ఉన్న బలం వంకరపోకుండా నిట్టనిలువుగా దిగాలి. నొక్కే కడ్డీ (ర్యామ్) వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా పిన్ను వంగుతుంది, రంధ్రం చెడుతుంది. అందుకే చట్రం మందం చూడండి, అడ్డదూలం కదిలించండి, ర్యామ్ ఊగుతుందేమో పట్టుకుని చూడండి. ప్రెస్‌తో ఇచ్చే పోత ఇనుప దిమ్మెలను అసలు నమ్మొద్దు. అవి ఉక్కులా వంగి హెచ్చరించవు. ఉన్నట్టుండి పగిలితే ముక్కలు ముఖానికే ఎగురుతాయి. గట్టి చట్రమున్న 12 టన్నుల ప్రెస్ తీసుకుని, మిగిలిన డబ్బు ఉక్కు దిమ్మెలకు, ఒత్తిడి చూపే గేజీకి, ముందుండే రక్షణ తెరకు పెట్టండి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకులు బాగుచేసే వృత్తి పెట్టుకోవడం నేరం. అయినా బేరింగులు, బుష్‌లు నొక్కే ప్రతి షెడ్డుకూ ఈ లెక్కే వర్తిస్తుంది. కళ్లూ వేళ్లూ కాపాడేది చట్రమే, టన్నుల అంకె కాదు.