పచ్చిమాంసం పెట్టమనేవాళ్లెవరూ గిన్నె కడగరు

ఇంట్లో పెద్ద కుక్క ఉందనీ, దానికి కడుపు బాగుండటం లేదనీ నలుగురిలో ఒకసారి అని చూడండి. "పచ్చిమాంసం మొదలుపెట్టండి, వారంలో సెట్ అయిపోతుంది" అనేవాళ్లు కనీసం ఇద్దరు దొరుకుతారు. నాకు ఐదుగురు దొరికారు. ఐదుగురూ మగవాళ్లే. వాళ్లలో ఒక్కరు కూడా తమ ఇంట్లో కుక్క గిన్నె కడిగే మనిషి కాదు. ఈ పోస్టు కోపంతోనే రాస్తున్నాను, దాచుకోవడం ఎందుకు.

మేముండేది శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో, లోపలికి ఒక వెంచర్‌లో. ఔటర్ దగ్గరని కొన్నాం గానీ చుట్టూ సగం ప్లాట్లు ఖాళీ. రాత్రి ఎనిమిది దాటితే మనిషి అలికిడి ఉండదు. ఇటువైపు ఇళ్లలో, ఫామ్‌హౌసుల్లో జర్మన్ షెపర్డులు, రాట్‌వీలర్లు అన్ని కనిపించేది అందుకే. మావారు కూడా అదే కారణం చెప్పి ఒక జర్మన్ షెపర్డ్ కుక్కపిల్లను తెచ్చారు. పిల్లలు భీముడని పేరు పెట్టారు. తెచ్చింది ఆయన, పేరు పెట్టింది పిల్లలు, పెంచింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

2024 దసరా దాటాక వాడి కడుపు పాడైంది. రోజుకి ఐదారుసార్లు, పాలిపోయిన పసుపు రంగులో, నూనె కలిపినట్టు జిగటగా, కుప్పలు కుప్పలుగా. వాసన గురించి రాయను, భోజనం చేస్తూ చదివేవాళ్లుంటారు. విచిత్రమేమిటంటే ఆకలి తగ్గలేదు, పెరిగింది. గిన్నె నాకి నాకి నేలంతా జరిపేవాడు. గోడ సున్నం గీకి తిన్నాడు. చివరికి తన మలాన్నే తినబోతుంటే నేను చీపురు పట్టుకుని పరిగెత్తాల్సి వచ్చేది. 34 కిలోల కుక్క సంక్రాంతికి 27 కిలోలకు దిగింది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు ఒక్కొక్కటీ తగిలేవి.

దగ్గర్లో చూపించాం. నులిపురుగుల మందు, విరేచనాలకి మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలు. డ్రై ఫుడ్ బ్రాండు రెండుసార్లు మార్చాం. మా అత్తమ్మది మాత్రం ఒకటే మాట: "గా డబ్బల తిండి బంద్ వెట్టు. ఇంత పెరుగన్నం కలిపి ఏస్తె అదే సక్కగైతది." అదీ పెట్టాం. కాలేదు.

అప్పుడు వచ్చింది మావారి వాట్సాప్ గ్రూపు నుంచి పచ్చిమాంసం సలహా. కుక్క అంటే తోడేలు, తోడేలు అన్నం తినదు, వండిన మాంసంలో ఎంజైములు చచ్చిపోతాయి, అందుకే మన కుక్కలకి రోగాలు. వింటే నిజమేననిపిస్తుంది. దీన్ని ఇంత ప్రచారంలోకి తెచ్చింది ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు, 1993లో రాసిన పుస్తకంతో. ఈ పద్ధతిని 'బార్ఫ్' అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకి వాంతి అని కూడా అర్థం. నేను పెట్టిన పేరు కాదు.

లెక్క ఏమిటంటే, కుక్క బరువులో రెండు మూడు శాతం రోజుకి పచ్చిగా పెట్టాలి. అందులో 80 పాళ్లు కండ, 10 పాళ్లు ఎముక, 10 పాళ్లు లివర్‌లాంటివి. అంటే భీముడికి రోజూ 800 గ్రాములు. మావారు ఈ లెక్కంతా ఫోన్‌లో చక్కగా ఎక్సెల్ షీట్ చేశారు. షీట్‌ని వంటింట్లోకి తేవడం నా వంతు.

మూడు రోజులకోసారి చికెన్ షాపు. మెడలు, కందనకాయలు, లివర్. మటన్ షాపులో బోటి, అదీ కడగకుండా. కడిగితే మంచి బ్యాక్టీరియా పోతుందని గ్రూపులో చెప్పారు. షాపతను నన్ను రెండుసార్లు అడిగాడు, "కడగకుంటనేనా అక్కా?" అని. అవునన్నాను. ఆ సంచీ కారులో పెట్టుకుని ఇంటికొచ్చేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. ఫ్రీజర్‌లో ఒక అర మొత్తం వాడిదే. రాత్రి బయటికి తీసి కరగబెడితే ఎర్రనీళ్లు కారి కింద అరలో పెరుగు గిన్నె మూత మీద పడేవి. శనివారం నీచు ముట్టని వంటింట్లో వేరే కత్తి, వేరే చెక్క, వేరే స్పాంజి, వేరే బక్కెట్. వాడు మెడ ముక్కని గిన్నెలోంచి లాక్కెళ్లి హాల్లో చాప మీద కూర్చుని నమిలేవాడు. అదే చాప మీద మా చిన్నాడు, మూడేళ్లవాడు, బొమ్మకార్లు నడుపుతాడు. వాడి బుగ్గలు నాకితేగానీ భీముడికి తోచదు. ఇంట్లో షుగరున్న పెద్దావిడ. ఎంతని కడగను, ఏమేమి కడగను? చేతులు పగిలిపోయాయి.

నిజం దాచను. మొదటి రెండు వారాలు బాగానే అనిపించింది. ఐదారుసార్లు మూడయింది, గట్టిపడింది కూడా. మావారు సంబరంగా గ్రూపులో పెట్టారు. చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. (తర్వాత డాక్టరు చెప్పారు: పిండిపదార్థం మానేస్తే అరగక మిగిలేది తగ్గుతుంది, ఎముకలు తింటే సున్నం వల్ల గట్టిపడుతుంది, అంతమాత్రాన రోగం పోయినట్టు కాదు అని.) మూడో వారం తూకం వేస్తే 26. ఫిబ్రవరి చివరికి 25.

ఆ మాట గ్రూపులో పెడితే ఏమన్నారో తెలుసా? ముందు "ఒంట్లో విషం బయటికి పోతోంది, ఆపకండి" అన్నారు. తర్వాత "ఎముక పాళ్లు తక్కువయ్యాయేమో" అన్నారు. ఆ తర్వాత, "ఇంట్లో మేడమ్ కరెక్టుగా పెడుతున్నారా, ఒకసారి చెక్ చేయండి బ్రదర్." కుక్క కోలుకుంటే వాళ్ల సిద్ధాంతం గొప్పది, కోలుకోకపోతే వంటింట్లో ఆడమనిషి తప్పు. ఈ న్యాయం మనకి కొత్తేం కాదు. పిల్లాడు సన్నగా ఉన్నా, మామగారి బీపీ పెరిగినా ఇదే తీర్పు. కుక్క విషయంలో కూడా వినాల్సి వస్తుందని మాత్రం నేననుకోలేదు.

ఇదే ఫిబ్రవరిలో, 2025లో, గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల లారీలను మన సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆపేశారు. చికెన్ కొనేవాళ్లు లేక ధర పడిపోయింది. గ్రూపులో సలహా: "ఇదే ఛాన్సు, ఫ్రీజర్ నింపుకోండి." సిగ్గుగా ఉంది గానీ చెప్తున్నాను, మేము 12 కిలోలు తెచ్చాం. గడ్డకట్టిస్తే క్రిములు చచ్చిపోతాయనుకున్నాను. చావవు. సాల్మొనెల్లా అయినా, ఈ వైరస్ అయినా చల్లదనానికి నిద్రపోతాయంతే. చంపేది వేడి. లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలేలా ఉడికితే బర్డ్ ఫ్లూ వైరస్ బతకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన అమ్మలూ అమ్మమ్మలూ ఏ సంస్థా చెప్పకుండానే ఆ పని చేస్తూ వచ్చారు.

ఏప్రిల్ మొదట్లో పేపర్లో చదివాను. పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప మార్చిలో చనిపోయింది, పరీక్షల్లో బర్డ్ ఫ్లూ అని తేలింది. జబ్బు పడే ముందు పాప చిన్న పచ్చి చికెన్ ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పినట్టు రాశారు. దాని కింద కామెంట్లలో ఆ తల్లిని తిట్టినవాళ్లని చూస్తే కడుపు రగిలిపోయింది. కూర తరుగుతుంటే పిల్లలు వచ్చి చెయ్యి పెట్టని ఇల్లు ఏది? ఆవిడ తెలిసి చేసింది కాదు. నేను మాత్రం తెలిసి తెలిసి, రోజూ, కొలిచి మరీ పచ్చి చికెన్ ఇంట్లో నేల మీద పెడుతున్నాను. ఆ వారంలోనే అబ్దుల్లాపూర్‌మెట్ వైపు, అంటే మన హైదరాబాద్ పొలిమేరల్లోనే, కోళ్ల ఫారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకి సోకిందనీ, అమెరికాలో పచ్చిమాంసంతో చేసిన ప్యాకెట్ తిండి తిని పిల్లి చచ్చిపోయిందనీ కూడా అప్పుడే తెలిసింది. ఫ్రీజర్‌లో మిగిలినదంతా తీసి పెరట్లో గొయ్యి తవ్వించి సున్నం చల్లి పూడ్పించాను. మావారు ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నారు.

మర్నాడు ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ తిండి ఏ బ్రాండు, పచ్చిదా వండిందా అని మొదలుపెట్టలేదు. "ఆకలి ఎలా ఉంది?" అని అడిగారు. విపరీతం అన్నాను. "తింటూ తింటూ చిక్కిపోతున్నాడన్నమాట" అన్నారు. ఆరు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా తీసుకురమ్మని, పొద్దున్నే రక్తం తీసి టీఎల్‌ఐ అనే పరీక్షకి పంపించారు. రిపోర్టు రావడానికి రోజులు పట్టింది గానీ అనుమానం లేకుండా తేలింది: ఈపీఐ. అంటే వాడి క్లోమం, అదే పాంక్రియాస్, అన్నం అరిగించే రసాలు తయారుచేయడం మానేసింది. గిన్నెలో అన్నం పోసినా, పచ్చిమాంసం పోసినా, పంచభక్ష్య పరమాన్నాలు పోసినా లోపలికి పట్టదు. జర్మన్ షెపర్డులకి వంశపారంపర్యంగా ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. ఆ గ్రూపులో సగం మంది జర్మన్ షెపర్డులు పెంచేవాళ్లే.

ఇప్పుడు వాళ్ల ఎంజైముల వాదన సంగతి. పచ్చి కండలో, పచ్చి మెడలో ఈ జబ్బుకి పనికొచ్చే ఎంజైములు లేవు. అవి ఉండేది క్లోమంలో. పొడి దొరకని చోట గొడ్డు క్లోమాన్ని పచ్చిగా సన్నగా తరిగి తిండిలో కలిపి పెట్టే వైద్యం పాతకాలం నుంచీ ఉందని డాక్టరు చెప్పారు. పచ్చిదానికి నిజంగా పనున్నది అక్కడ. ఐదుగురు సలహాదారుల్లో ఆ ఒక్క ముక్క తెలిసినవాడు లేడు.

ఇక తోడేలు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వేశారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేలులో కన్నా కుక్కలో చాలా ఎక్కువట. మనిషి వదిలిన గింజలు, అన్నం తిని తిని కుక్క కుక్క అయింది. మా అమ్మగారింట్లో వాకిట్లో పడుండే నల్లకుక్క పన్నెండేళ్లు గట్క, గంజి, పండగకి నాలుగు వండిన ముక్కలు తిని బతికింది. దాన్ని తోడేలని ఎవరూ అనలేదు. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే పెంపుడు జంతువులకి పచ్చిమాంసం వద్దని విధానం ప్రకటించింది. కుక్కకి ఏమీ కాకపోయినా అది ఉన్న ఇంట్లో మనుషులకి రావచ్చు అన్నది అందులో ఒక కారణం. మనుషులంటే ఎవరు? గిన్నె కడిగేవాళ్లు, నేల మీద ఆడుకునేవాళ్లు.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకి పచ్చిది పెట్టి, తమ చేత్తో తామే కడుక్కునేవాళ్లతో నాకు పేచీ లేదు. రోగమేమిటో కనుక్కోకుండా రోగానికి తిండి రాసిచ్చేవాళ్లతోనే పేచీ. వాళ్ల మాట విని వైద్యం లేకుండా పోగొట్టిన పదకొండు వారాల్లో భీముడు చచ్చిపోయేవాడే.

ఇప్పుడు రెండు పూటలా ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం, దాంట్లో ఎంజైము పొడి. మొదట్లో వారానికోసారి బీ12 ఇంజెక్షను. మందులు నెలకి నాలుగు వేల పైనే, జీవితాంతం. తక్కువేం కాదు, అత్తమ్మ వింటే గొణుగుతుంది కూడా. కానీ నాలుగో రోజుకే వాసన మారింది, మూడు నెలలకి 31 కిలోలు. గోడ సున్నం జోలికి పోవడం లేదు. క్యాప్సూల్ విప్పి పొడి కలిపేది మావారే. గిన్నె కడిగేది కూడా ఆయనే. అది నేను పెట్టిన షరతు.

మొన్న ఆ గ్రూపులో అల్వాల్ నుంచి ఒకావిడ అడిగింది, జర్మన్ షెపర్డ్ విరేచనాలు, ఏం చేయాలి అని. మావారి ఫోన్ తీసుకుని నేనే కొట్టాను: "ముందు టీఎల్‌ఐ చేయించండి. రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా తీసుకెళ్లండి." నిమిషంలో కింద ఎవరో, "రా ఫుడ్ ట్రై చేశారా మేడమ్?"

ఆవిడ నాకు విడిగా ఫోన్ చేసింది. అరగంట మాట్లాడుకున్నాం. వాళ్ల కుక్కకి ఆకలి ఎలా ఉందని అడిగాను.