మంచు తూకం

సాంచాల చప్పుడు తప్ప వేరే చప్పుడు వినబడని మన భివండిలో కూర్చుని, ఎక్కడో హిమాలయాల మీద పడే మంచును గురించి వ్రాయడమేమిటని చదువరులు కొందరు నవ్వవచ్చును. మన గోదావరి మంచులో పుట్టినది కాదు. ఈ సహ్యాద్రికి ఆవలి పక్కన త్రయంబకం కొండ మీద వాననీటితో పుట్టినది. కృష్ణ సంగతీ అంతే. గంగకూ సింధువుకూ వేసవిలో మంచు కరిగి నీరు వస్తుంది గనుక ఆ ప్రాంతాలవారు మంచును లెక్కపెట్టుకుంటారు, మనకేం పని అని మనవాళ్ళు అనుకోవడంలో తప్పులేదు. అయినా పని వున్నది. ఒకటి సాంచా దగ్గరే కనబడుతుంది. రెండవది మన పెద్దలు కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాలు విడిచి ఇంత దూరం ఎందుకు వచ్చారన్న పాత ప్రశ్నకు సంబంధించినది.

మొదటిది ముందు చెబుతాను, అది చిన్నది. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపున పుట్టిన వాయుగుండాలు ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మీదుగా పైగాలుల్లో కొట్టుకుంటూ వచ్చి కాశ్మీరు కొండలను తాకుతాయి. వాతావరణ శాఖవారు వీటిని వెస్టర్న్ డిస్టర్బెన్సు లంటారు. మనం పడమటి అలజడులు అందాం. కొండల మీద మంచు కురిపించి అలజడి దాటిపోయిన తరువాత దాని వెనుకనే ఉత్తరపు గాలి బయలుదేరి, రాజస్థానం, గుజరాతు మీదుగా మన ఠాణా జిల్లా దాకా దిగుతుంది. అది చలిగాలి మాత్రమే కాదు, పొడిగాలి. నూలుకు తేమ తగ్గితే బలం తగ్గుతుంది. పాలియెస్టరు దారమైతే రాపిడికి విద్యుత్తు పుట్టి పోగులు చెదరిపోతాయి. ఆ నాలుగు రోజులూ పడుగు ఎక్కువ తెగుతుందనీ, నేల మీద నీళ్ళు చల్లుకోవాలనీ కార్ఖానాలో పనిచేసినవారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1962 జనవరి 22న బొంబాయి శాంతాక్రూజులో 7.4 డిగ్రీలకు దిగిన చలి ఇటువంటి ఉత్తరపు గాలి పుణ్యమే.

ఈ గాలిని ముందుగా పసిగట్టి చెప్పేవారు ఈ చుట్టుపక్కల కొందరున్నారు. వాళ్ళు సర్కారు నౌకర్లు కారు. మన కల్యాణు దాటి బద్లాపూరు వైపు వెళితే ఇంటి డాబా మీద స్వంత యంత్రం పెట్టుకుని, తెల్లవారుజామున ఎంతకు దిగిందో వ్రాసుకుని నలుగురికీ చెప్పే ఔత్సాహికులు కనబడతారు. కాశ్మీరులో అలజడి ఎప్పుడు వచ్చింది, ఎంత మంచు పడింది, గాలి ఎటు తిరిగింది అని చూసుకుంటూ వుంటారు. మనవాళ్ళలోనూ ఈ పిచ్చి వున్నవారు లేకపోలేదు. సాయి ప్రణీత్ అనే ఆంధ్రప్రదేశ్ యువకుడు సాఫ్టువేరు ఉద్యోగం చేసుకుంటూనే రైతులకు తెలుగులో వాతావరణం చెబుతున్నాడని 2021 జూలైలో ప్రధానమంత్రి రేడియోలో పేరెత్తి మెచ్చుకున్నారు.

పిచ్చి అన్నాను గాని, మంచును కొలిచే శాస్త్రమే ఇటువంటి ఒక పిచ్చివాడి చలవ. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో జేమ్స్ చర్చ్ అనే ఆయన వుండేవాడు. విశ్వవిద్యాలయంలో ఆయన చెప్పే పాఠం లాటిను భాష! 1895 చలికాలంలో సరదాకు రోజ్ పర్వతం ఎక్కాడు. ఎక్కినవాడు దిగి వూరుకోక, ఆ మంచులో ఎంత నీరు వున్నదా అని ఆలోచించాడు. దిగువన తాహో అనే పెద్ద సరస్సున్నది. దాని నీటి కోసం కరెంటు కంపెనీవారికీ, పొలాలవారికీ, ఒడ్డున ఇళ్ళున్నవారికీ తగవు. వేసవిలో సరస్సు ఎన్ని అడుగులు పెరుగుతుందో ముందే తెలిస్తే తగవు సగం తీరుతుంది. అది తెలియాలంటే కొండ మీద మంచును కొలవాలి. ఎలా కొలవడం?

ఇక్కడే నేతవాళ్ళమైన మనకు ఆ లాటిను పంతులు మాట తేలికగా అర్థమవుతుంది. ఏకిన దూది గదినిండా వుంటుంది, బరువు తూస్తే నాలుగు శేర్లు వుండదు. అదే దూదిని బిగించి బేలు కడితే మూలన సరిపోతుంది. మంచూ అంతే. అప్పుడే పడినది ఏకిన దూది: పది అంగుళాల మంచు కరిగితే ఇంచుమించు ఒక అంగుళం నీరు. పొడి మంచు అయితే పదిహేను, ఇరవై అంగుళాలు కరిగినా ఆ ఒక్క అంగుళమే. అదే మంచు నెలల తరబడి పడివుండి, తన బరువుకు తానే అణగి, వసంతం నాటికి బేలులాగా బిగుస్తుంది. అప్పుడు మూడంగుళాలకే అంగుళం నీరు రావచ్చు. కనుక ఎన్ని అడుగులు పడిందని చెప్పి సంబరపడేవాడి మాట, గ్రే గుడ్డ తాకాను తూచకుండా మీటర్లు లెక్కపెట్టి బేరమాడేవాడి మాట వంటిది. చర్చ్ పంతులు ఒక ఉక్కు గొట్టానికి అంచున పళ్ళు కోయించి, మంచులో అడుగుదాకా దించి, లోపలి మంచుతో సహా పైకి తీసి త్రాసుకు తగిలించాడు. బరువును బట్టి నీరెంతో తెలిసింది. నూరేళ్ళు దాటినా మంచు కొలిచేవారు ఈనాటికీ పట్టుకు తిరిగే గొట్టం దాదాపు అదే. హిమాలయాల మంచు లెక్క చూడడానికి ఆయన 1947 ప్రాంతంలో మన దేశానికి కూడా వచ్చాడు. అప్పటికి వయస్సు డెబ్బై అయిదు దాటింది.

ఇక రెండవ సంగతి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామంలో మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలు నాశనమైనాయి. వాన లేకపోతే ముందు రైతు పడిపోతాడు. రైతు గుడ్డ కొనడం మానినప్పుడు ఆ వెంటనే సాలివాడు పడిపోతాడు. రైతుకైతే నాలుగు గింజలైనా దాచిన గాదె వుంటుందేమో, సాలివాడి ఇంట అమ్ముడుపోని చీరలుంటాయి. మనవాళ్ళు పడమటికి రావడానికి ఒక్క కరువే కారణం అనడం న్యాయం కాదు. మిల్లులు, నూలు ధరలు, అప్పులు, ముందుగా వచ్చిన బంధువుల పిలుపు, అన్నీ వున్నవి. అయినా ఏ ఇంటి కథ విన్నా ఎక్కడో ఒకచోట వాన పడని సంవత్సరం ఒకటి తగలకుండా వుండదు.

ఆ క్షామానికి కొద్దిగా ముందు, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దానికి మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. వాన తప్పేది ముందే తెలుసుకునే దారి వున్నదా అని దొరతనంవారు ఆయనను అడిగారు. ఆయన హిమాలయాల మంచు వైపు చూశాడు. పడమటి హిమాలయాల మీద వసంతం దాకా మంచు దట్టంగా నిలిచిన సంవత్సరం పశ్చిమోత్తర భారతంలో పొడిగాలులు వీచి, రుతుపవనం బలహీనపడుతున్నట్టు తోచింది. కారణం కష్టమైనది కాదు. మంచు నిలిచివుంటే ఎండ కొంత తిరిగి ఆకాశానికి పోతుంది, కొంత మంచు కరగడానికే ఖర్చవుతుంది. నేల వేడెక్కడం ఆలస్యమవుతుంది. సముద్రం మీది గాలిని లాక్కునే బలం తగ్గుతుంది. 1884లో ఆ మాట అచ్చువేశాడు, 1886 జూన్ 4న దేశానికి మొదటి దీర్ఘకాల వర్షసూచన వెలువడింది. మన పల్లెలో విత్తనం వేసే రైతుకూ, గుల్మార్గులో మంచుకూ చుట్టరికం అలా కలిసింది.

చుట్టరికం వున్నది గాని, అది మేనరికమంత దగ్గరది కాదు. 1899లో బ్లాన్‌ఫర్డ్ తరువాతి అధికారి ఎలియట్ వానలు బాగా వుంటాయని సెలవిచ్చాడు. వచ్చింది ఘోరమైన కరువు. తరువాత 1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. గణితం చదివినవాడు. మన రామానుజన్ గొప్పతనం గుర్తించి, 1913లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉత్తరం వ్రాసినవారిలో ఈయన ఒకడని చాలామందికి తెలియదు. వాకరు ఒక్క మంచునే నమ్ముకోక, ప్రపంచంలో నాలుగు మూలల గాలి ఒత్తిడులను కూడా లెక్కలో కలిపాడు. ఆ వెదుకులాటలోనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల నడుమ గాలి ఒత్తిడి ఊయలలాగా ఊగుతున్నదని బయటపడ్డది. ఎల్ నినో అనే మాట నేడు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసిందంటే దాని వెనుక ఆ పని వున్నది.

అంత చేసినా మంచు లెక్క కొట్టివేయబడలేదు. 1976లో జగదీశ్ శుక్లా, హాన్ అనే ఇద్దరు ఉపగ్రహాల బొమ్మలు పెట్టుకుని, ఐరోపా ఆసియాల మీద మంచు ఎక్కువైతే మన వానలు తగ్గుతున్నవని మళ్ళీ చూపారు. 2024లో జనవరి మొదలు మార్చి వరకు ఆ మంచు తక్కువగా వున్నదని వాతావరణ శాఖ చెప్పింది. ఆ జనవరి నడుమ గుల్మార్గులో కూడా మంచు లేక నేల బయటపడ్డది. కాశ్మీరీలు డిసెంబరు 21 నుంచి లెక్కించే నలభై రోజుల చిల్లై కలాన్‌లో అలా జరగడం అక్కడివారిని హడలగొట్టింది. ఆ ఏట రుతుపవనం సగటులో 108 శాతం కురిసింది. సిద్ధాంతం ఫలించినట్టే! కాని 2002లో ఇటువంటి పదహారు గుర్తులు కూర్చి మామూలు వాన అని చెబితే 81 శాతమే కురిసింది. ఆ సంవత్సరం పొలం వున్నవాళ్ళు ఎవరూ మరచిపోరు.

నేను ఇదంతా ఎత్తుకోవడానికి కారణం చెబుతాను. మన ఇళ్ళలో చాలామందికి ఊళ్ళో ఇంకా రెండెకరాలో మూడెకరాలో వున్నది. అన్నకో, బావకో కౌలుకు ఇచ్చి, విత్తనాలకు డబ్బు ఇక్కడినుంచి పంపుతారు. ఫోనులో ఎవరో పంపిన బొమ్మ వస్తుంది: “హిమాలయాల్లో రికార్డు మంచు, ఈ ఏడు కరువు తప్పదు.” అది చూసి పంపే డబ్బు ఆపేవారున్నారు, దానికి వ్యతిరేకంగా వచ్చినదాన్ని చూసి అప్పు చేసి పంపేవారూ వున్నారు. ఆ బొమ్మ పంపినవాడు మంచును తూచాడా, లోతు మాత్రం చూశాడా? ఎక్కడ కొలిచాడు? పోయిన ఏడు ఏం చెప్పాడు, ఏమైంది? ఈ మూడూ అడగదగినవి. మంచి ఔత్సాహికుడు అడగకముందే చెబుతాడు. అలా చెప్పనివాడు పంచాంగమైనా చదవవచ్చు, అందులో తిథి అయినా సరిగా వుంటుంది.

అమెరికాలో కోకోరాస్ అనే పేరుతో ఇటువంటివారి సంఘం ఒకటి వున్నది. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్సులో ఒక పేటలో కుండపోత, పక్క పేటలో తుంపర. సర్కారు యంత్రాలకు అది అందలేదు, వరద వచ్చి మనుషులు పోయారు. మరుసటి ఏడు ఊరివారే తలా ఒక గొట్టం పెరట్లో పాతుకుని వాన కొలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ దేశమంతటా వేలమంది వున్నారు. మంచు పడితే గొట్టంతో కోసి, లోపలికి తెచ్చి కరిగించి, నీరు కొలిచి పంపుతారు. అక్కడ స్థిరపడిన మన పిల్లలు చేరదలచుకుంటే అడ్డులేదు.

భివండిలో కొలవడానికి మంచు లేదు గాని, వానకు కొదవ లేదు. నిలువుగా, ఒకే వెడల్పున వుండే గాజుపాత్ర, ఒక స్కేలు చాలు. డాబా మీద గోడలకు, చెట్లకు దూరంగా పెట్టాలి. వాతావరణ శాఖవారి రోజు ఉదయం 8:30కు ముగుస్తుంది గనుక ఆ వేళకే చూసి మిల్లీమీటర్లలో వ్రాయాలి. వాన లేని రోజున సున్న వేయాలి, ఖాళీ వదలరాదు. చలికాలంలో కార్ఖానాలో రెండు థర్మామీటర్లు తగిలించి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టితే, రెంటికీ తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత పొడిగా వున్నట్టు. ఆ అంకె పక్కన ఆ పూట తెగిన పోగుల లెక్క కూడా వేసుకుంటే, కాశ్మీరు అలజడి పద్మనగరులో సాంచాకు ఎన్నాళ్ళకు చేరుతున్నదో ఒక సీజను పుస్తకంలో తేలుతుంది. ఎవరైనా అలా వ్రాసినట్టయితే ఈ శీర్షికకు పంపండి, అంకెలు వున్నవి వున్నట్టే అచ్చువేస్తాము.